గుంతకల్లులో దిగాలా, గుత్తిలో దిగాలా?

హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్లే బండ్లలో రెండు పేర్లు రాయలసీమలో అందరికీ తెలుసు. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ వాడి, రాయచూరు, ఆదోని మీదుగా గుంతకల్లుకు వచ్చి, గుత్తి, తాడిపత్రి, కడప దాటి తిరుపతి చేరుతుంది. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కాచిగూడలో బయలుదేరి కర్నూలు, డోన్ మీదుగా నేరుగా గుత్తికి వస్తుంది. దానికి గుంతకల్లుతో పనే లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ - యశ్వంతపూర్ వందే భారత్ కూడా అంతే. కర్నూలు సిటీలో ఆగుతుంది, అనంతపురంలో, ధర్మవరంలో ఆగుతుంది. గుంతకల్లు దాని దారిలో లేదు.

రైల్వే పటం చూస్తే మాత్రం ఈ ప్రాంతపు గీతలన్నీ గుంతకల్లులోనే ముడిపడి ఉంటాయి. డివిజన్ కార్యాలయం ఉన్నది అక్కడే. ఇంజిన్ల మీద పెద్ద అక్షరాలతో కనిపించే పేరూ అదే. అంత పెద్ద జంక్షన్‌ను కొన్ని ముఖ్యమైన బండ్లు ఎందుకు తప్పించుకుని పోతాయి? కర్నూలు నుంచి కడప వెళ్లేవాళ్లు గుత్తి అంటారు, ఆదోని నుంచి కడప వెళ్లేవాళ్లు గుంతకల్లు అంటారు. ఎవరి మాట సరి? టికెట్ కౌంటర్ దగ్గర రోజూ వినిపించే ఈ సందేహానికి జవాబు చెప్పాలంటే భూగోళం కొంచెం, చరిత్ర చాలా తిరగేయాలి.

ముందు దిక్కులు చూద్దాం. గుంతకల్లు స్టేషన్‌కు రెండు కొసలు. పడమటి కొసకు రెండు లైన్లు వచ్చి చేరతాయి. ఒకటి ఉత్తరాన రాయచూరు, మంత్రాలయం రోడ్డు, ఆదోని నుంచి దిగి వచ్చేది. రెండోది పడమర నుంచి, బళ్లారి వైపు నుంచి వచ్చేది. తూర్పు కొస నుంచి మూడు లైన్లు విడిపోతాయి. మద్దికెర, తుగ్గలి, పెండేకల్లు మీదుగా డోన్, నంద్యాలకు ఈశాన్యంగా ఒకటి, గుత్తి, తాడిపత్రి, కడపకు తూర్పుగా ఒకటి, కల్లూరు మీదుగా అనంతపురం, ధర్మవరం, బెంగళూరుకు దక్షిణంగా ఒకటి.

ఒక కొసలో ప్రవేశించి రెండో కొసలో బయటపడే బండికి ఏ ఇబ్బందీ లేదు. వచ్చిన దారినే ముందుకు సాగిపోతుంది. రాయచూరు నుంచి గుత్తికి, బళ్లారి నుంచి అనంతపురానికి, బళ్లారి నుంచి నంద్యాలకు ప్రయాణం అలాగే జరుగుతుంది. చిక్కంతా వచ్చిన కొస నుంచే తిరిగి బయటికి వెళ్లాల్సిన బండికి. డోన్ నుంచి వచ్చి అనంతపురం వెళ్లాల్సిన బండి గుంతకల్లుకు వచ్చిందనుకోండి. అది తూర్పు కొసలో లోపలికి వస్తుంది, తూర్పు కొస నుంచే బయటికి పోవాలి. అప్పుడు ముందున్న ఇంజిన్‌ను విప్పాలి, పక్క లైను మీదుగా వెనక కొసకు తీసుకెళ్లి మళ్లీ తగిలించాలి, బ్రేకులు పరీక్షించాలి. అంతసేపూ ఒక ప్లాట్‌ఫాం ఆ బండికే అంకితం. ఇంజిన్ కదిలే దారిలో ఉన్న మిగతా బండ్లూ ఆగి ఉండాలి.

ఈ బాధ లేకుండా చేసేవి అడ్డదారి లైన్లు. పెండేకల్లు నుంచి గుత్తికి ఒకటి ఉంది. గుత్తి నుంచి గార్లదిన్నె పక్కనున్న కల్లూరుకు మరొకటి ఉంది. ఈ రెండూ కలిస్తే తూర్పు వైపు మూడు లైన్లకూ గుత్తి దగ్గరే సంబంధం కుదురుతుంది. కర్నూలు నుంచి వచ్చే బండి పెండేకల్లులో గుంతకల్లు దారి వదిలేసి గుత్తికి మళ్లుతుంది. అక్కడి నుంచి కడపకైనా, అనంతపురానికైనా వెళ్లిపోతుంది. కాబట్టి గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే. రాయచూరు, బళ్లారి వైపు వాళ్లకు తూర్పు ఊళ్లతో పని పడితే గుంతకల్లు. డోన్, కడప, అనంతపురం వైపు వాళ్లకు తమలో తమకు పని పడితే చాలావరకు గుత్తి. ఆదోని మనిషి, కర్నూలు మనిషి చెప్పినవి రెండూ నిజమే. వాళ్లు జంక్షన్‌కు చెరో పక్క ఉన్నారు.

అవుటర్‌లో, అంటే స్టేషన్‌కు ముందుండే బయటి సిగ్నల్ దగ్గర, బండి ఆగిపోవడానికి మూలం కూడా ఈ దిక్కుల్లోనే ఉంది. పడమటి కొసలో రాయచూరు లైను ఉత్తరాన, బళ్లారి లైను దానికి దక్షిణాన ఉన్నాయి. తూర్పు కొసలో డోన్ లైను ఉత్తరాన, గుత్తి లైను దానికి దక్షిణాన ఉన్నాయి. రాయచూరు నుంచి గుత్తికి వెళ్లే దారీ బళ్లారి నుంచి డోన్‌కు వెళ్లే దారీ ఎక్కడో ఒకచోట ఒకదాన్నొకటి దాటి తీరాలి. దాటించడానికి రెండే మార్గాలు. ఒక లైనును వంతెన మీదుగా రెండోదాని పైనుంచి తీసుకెళ్లాలి, లేదా ఒక బండిని ఆపి ఇంకోదాన్ని పంపాలి. ఆపిన బండిలో కూర్చున్నవాళ్లకు కిటికీలోంచి తుమ్మచెట్లు తప్ప ఏమీ కనపడవు. స్టేషన్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉండగా ఎందుకు ఆపారో ఎవరూ చెప్పరు. కారణం సాధారణంగా ఇదే. మరో దిక్కు బండి వాళ్ల దారిని కోసుకుంటూ వెళ్తోంది.

ఇన్ని లైన్లు ఇక్కడే వచ్చి కలవడం వెనక ఒక కరువు ఉంది.

మొదట వేసింది ఒక్క లైనే. మద్రాసు రైల్వే కంపెనీ రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరుకు తన బ్రాడ్ గేజ్ లైను తెచ్చింది. బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో 1871లో రాయచూరు దగ్గర అది కలిసింది. బొంబాయి, మద్రాసు ఒకే పట్టా మీదికి వచ్చాయి. ఆ ప్రధాన మార్గంలో గుంతకల్లు అప్పటికి ఒక చిన్న ఊరు.

అయిదేళ్లు తిరిగేసరికి 1876 - 78 నాటి మహాకరువు వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని దెబ్బ తీవ్రంగా తిన్నాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, గుంతకల్లు చుట్టుపక్కల తాలూకాలు బళ్లారిలో భాగం. కొత్త జిల్లా 1882లో ఏర్పడింది. కరువు తర్వాత నియమించిన కమిషన్ 1880లో ఇచ్చిన నివేదికలో, ధాన్యం చేరవేయడానికి మెట్ట ప్రాంతాల్లో రైలు మార్గాలు వేయాలని గట్టిగా సిఫారసు చేసింది. 1882లో పుట్టిన సదరన్ మరాఠా రైల్వే ఆ ఆలోచన ఫలితమే. ఈ మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కరువు కాలంలో రైలు ఉన్న ఊళ్ల నుంచి ధాన్యం బయటికి తరలిపోయిన సంగతీ చరిత్రలో ఉంది. రైలు ఒక్కటే ఎవరి కడుపూ నింపలేదు. అయినా లైన్లు మాత్రం ఆ పేరుతోనే వచ్చాయి.

డబ్బు తక్కువ, వేయాల్సిన దూరం ఎక్కువ. కాబట్టి వాటిని మీటర్ గేజ్‌లో వేశారు. బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌లో 1,000. పట్టా తేలిక, వంతెనలు చిన్నవి, మలుపులు ఇరుకుగా ఉన్నా సరిపోతుంది, ఖర్చు తగ్గుతుంది. పడమర బళ్లారి, హోస్పేట, గదగ్, హుబ్లీ దాటి గోవా రేవు వరకు, తూర్పున నంద్యాల, నల్లమల, గుంటూరు దాటి బెజవాడ వరకు, దక్షిణాన మైసూరు సరిహద్దు వరకు మీటర్ గేజ్ లైన్లు పరుచుకున్నాయి. 1890ల నాటికి గోవా రేవు నుంచి బెజవాడకు సాగే సన్న పట్టాల దారి, బొంబాయి - మద్రాసు వెడల్పు పట్టాల దారిని గుంతకల్లులో దాటుతోంది.

దాటుతోంది అన్నాను గానీ, ఒక దారి మీది బండి ఇంకో దారి మీదికి ఎక్కలేదు. అసలు విషయం అదే. హుబ్లీ నుంచి వచ్చిన పత్తి బేళ్లు మద్రాసు వెళ్లాలంటే గుంతకల్లులో వాటిని దించి మళ్లీ ఎక్కించాల్సిందే. గట్టుకు ఒక పక్క మీటర్ గేజ్ వ్యాగను, మరో పక్క బ్రాడ్ గేజ్ వ్యాగను. మధ్యలో హమాలీ వీపు. వేరుసెనగ మూటలు, ధాన్యం, ఉప్పు, కలప, అన్నీ మనిషి వీపు మీదుగానే గేజ్ మారాయి. వ్యాగన్ల కొలతలు వేరు కాబట్టి లెక్క సరిపోదు. ఒక బండి సరుకు ఇంకో బండిలో పట్టగా మిగిలింది తర్వాతి బండి కోసం షెడ్డులో ఉండిపోయేది. ప్రయాణికుల సంగతీ అదే. సామాను దించుకుని, ప్లాట్‌ఫాం మారి, రెండో బండి కోసం కూర్చోవాలి. రెండు రకాల ఇంజిన్లు, వాటికి వేరువేరు షెడ్లు, వేరువేరు సిబ్బంది. ఊరు పెరిగింది ఈ ఆగడం వల్లే. బండి ఆగకుండా సాగిపోయి ఉంటే ఇక్కడ ఇంత పట్టణం లేచేది కాదు.

ఊరి ఆకారంలో అది ఇప్పటికీ కనపడుతుంది. మస్తాన్ వలి దర్గా ఉన్న పాత గుంతకల్లు ఒక పక్క, స్టేషన్ చుట్టూ లేచిన కొత్త పట్టణం మరో పక్క. రైల్వే కాలనీ, రైల్వే ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, వరుసలుగా క్వార్టర్లు. మద్రాసు నుంచి వచ్చిన తమిళ గుమాస్తాలు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు, బళ్లారి వైపు నుంచి వచ్చిన కన్నడిగులు, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, చుట్టుపక్కల పల్లెల తెలుగువాళ్లు, అందరికీ ఈ స్టేషనే అన్నం పెట్టింది. 1956లో గుంతకల్లు డివిజన్ కేంద్రమైంది. మొదట దక్షిణ రైల్వేలో ఉండి, 1977లో దక్షిణ మధ్య రైల్వేకు మారింది. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్‌లోనూ దీని పేరు చేర్చారు. 2011 జనాభా లెక్కల నాటికి పట్టణ జనాభా లక్షా పాతిక వేలు దాటింది. జిల్లా కేంద్రం కాని ఊరికి ఇంత బరువు ఇచ్చింది జంక్షనే. శనివారాల్లో కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడికి వెళ్లే భక్తుల్లో ఎంతోమంది ఇక్కడ రైలు దిగినవాళ్లే.

ఈ స్టేషన్ కథలో ఒక పేరును విడిచిపెట్టి ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. 1893 అక్టోబరులో బ్రిటిష్ సైనికుల దళం ఒకటి గుంతకల్లులో మజిలీ చేసింది. వాళ్లలో కొందరు దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. ఆ స్త్రీలు పరుగెత్తి రైల్వే గేటు దగ్గరికి వచ్చారు. గేటు కాపలాదారు హంపన్న వాళ్లను తన గదిలో దాచి అడ్డం నిలబడ్డాడు. ఒక సైనికుడు తుపాకీతో కాల్చాడు, హంపన్న ప్రాణం పోయింది. కేసు మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. నిందితుడైన సైనికుడు నిర్దోషిగా బయటపడ్డాడు. గుత్తి వకీలు, హిందూ పత్రిక విలేకరి పి.కేశవ పిళ్లై ఈ అన్యాయాన్ని లోకానికి తెలియజేశారు. హంపన్న స్మారకం గుంతకల్లు దగ్గర ఇప్పటికీ ఉంది. జంక్షన్ అంటే పట్టాలూ పాయింట్లూ మాత్రమే కాదు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆగే చోటు అది. ఆ చోట బలవంతుడి ఎదుట నిలబడినవాడు నెల జీతం మీద బతికే గేటుమనిషి.

తర్వాతి మార్పు పట్టాల వెడల్పులో వచ్చింది. 1980లలో గుంతకల్లు - బెంగళూరు దారి బ్రాడ్ గేజ్ అయింది. 1992లో దేశమంతా ఒకే గేజ్ పథకం మొదలయ్యాక ఆ దశాబ్దంలోనే హుబ్లీ వైపు, గుంటూరు వైపు, కర్నూలు మీదుగా సికింద్రాబాద్ వైపు లైన్లన్నీ మారిపోయాయి. నల్లమలలో పాత దొరబావి వంతెనను వదిలేసి రైలును కొత్త దారిన మళ్లించారు. ఇక గోవా నుంచి కోల్‌కతా వైపు వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు గుంతకల్లులో దిగనక్కర్లేదు. పూర్వం రెండు బండ్ల ప్రయాణం ఒకే బండి ప్రయాణమైంది. గుంతకల్లు దగ్గర దిగేవాళ్లు తగ్గారు, గుత్తి అడ్డదారుల మీదుగా అసలు రానివాళ్లు పెరిగారు. 2016లో పూర్తయిన నంద్యాల - ఎర్రగుంట్ల లైను మరో దారి తెరిచింది. నంద్యాల నుంచి కడప వెళ్లేవాళ్లకు ఇప్పుడు గుత్తి కూడా అవసరం లేదు.

దీన్ని చూసి గుంతకల్లు పని అయిపోయిందనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. స్టేషన్ బయట నిలబడి చూస్తే ప్రయాణికుల బండ్లే కనపడతాయి, అందుకే ఆ మాట వస్తుంది. రైల్వేకు ఈ డివిజన్ సంపాదించి పెట్టేది సరుకు. బళ్లారి, హోస్పేట ప్రాంతపు ఇనుప ఖనిజం తూర్పు రేవులకు దిగేది ఇటే. తాడిపత్రి, ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు ఇటే కదులుతుంది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి బొగ్గు ఈ లైన్ల మీదే వెళ్తుంది. గూడ్సు బండికి గేజ్ మార్పు అక్కర్లేదు గానీ డ్రైవర్ మార్పు కావాలి, ఇంజిన్‌కు మరమ్మతు కావాలి. గుంతకల్లులో డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు రెండూ ఉన్నాయి. గుత్తిలో మరో డీజిల్ షెడ్డు ఉంది. హమాలీల జంక్షన్ సిబ్బంది జంక్షన్‌గా మారింది. ఊరికి జీతాలు ఇంకా అందుతున్నాయి. ప్లాట్‌ఫాం మీద టీ అమ్ముకునే వాడి బేరం మాత్రం ఆ లెక్కలో లేదు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఇప్పటికీ ఇక్కడ బండి మారక తప్పనివాళ్లు ఎవరు? దూరప్రయాణానికి ముందే బెర్తు తీసుకున్నవాళ్లు కారు, వాళ్లకు నేరుగా వెళ్లే బండి ఉంది. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వెళ్లే కూలీలు ఉన్నారు. తుగ్గలి, మద్దికెరల నుంచి అనంతపురం ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్లు ఉన్నారు. కూలీలు వలస వెళ్లే సుగ్గి కాలంలో పాదచారుల వంతెన దగ్గర నిలబడి చూడండి. గోనెసంచిలో వంటసామాను, దాని మీద చుట్టిన దుప్పటి, చంకలో బిడ్డ, వెనకాల నీళ్ల క్యాను మోస్తూ పదేళ్ల పిల్ల. గుంపులో చదువు వచ్చిన ఒకరు ముందు నడుస్తూ బోర్డులు చదువుతుంటారు, మిగతావాళ్లు ఆ మనిషి వీపు చూసుకుంటూ నడుస్తారు. ప్లాట్‌ఫాం మారిందని చివరి నిమిషంలో మైకులో చెబితే ఆ గుంపంతా మళ్లీ మెట్లెక్కాలి.

నగరంలో మెట్రో మారడానికీ దీనికీ ఉన్న తేడా చూడండి. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి వచ్చి అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం మెట్రో ఎక్కేవాడు సమయపట్టిక చూడడు. ఒకటి తప్పితే కొద్ది నిమిషాల్లో ఇంకొకటి వస్తుంది. అక్కడ బండి మారడం అంటే ఎంత దూరం నడవాలి, ఎన్ని మెట్లెక్కాలి అన్నదే లెక్క. గుంతకల్లులో ఒక దిక్కుకు రోజుకు కొన్నే బండ్లు, వాటిలో చిన్న స్టేషన్లలో ఆగేవి ఇంకా తక్కువ. మొదటి బండి అరగంట ఆలస్యమైతే, రెండోది అప్పుడే వెళ్లిపోయి ఉంటే, తర్వాతిది పొద్దుటికి కావచ్చు. బండ్లు తక్కువున్న చోట జంక్షన్ విలువను తేల్చేది భవనం కాదు, సమయపట్టిక. రెండు బండ్ల వేళలు ఒకదానికొకటి కుదిరాయా లేదా అన్నదే ప్రశ్న.

వేళలు కుదరకపోవడానికి ఒక కారణం పరిపాలనలో ఉంది. గుంతకల్లు నుంచి బయలుదేరితే కొద్ది దూరంలోనే వేరే వాళ్ల హద్దు వస్తుంది. బళ్లారి నైరుతి రైల్వేది, హిందూపురం కూడా ఆ జోన్‌లోని బెంగళూరు డివిజన్‌ది. కర్నూలు హైదరాబాద్ డివిజన్‌లో, నంద్యాల గుంటూరు డివిజన్‌లో ఉన్నాయి. దూరప్రయాణ బండి వేళను అది బయలుదేరే జోన్ తన పెద్ద స్టేషన్ల ఒత్తిడిని బట్టి నిర్ణయిస్తుంది. మధ్యలో గుంతకల్లుకు అది ఏ వేళకు వస్తే తుగ్గలి మనిషికి బండి దొరుకుతుందో చూసే బాధ్యత ఎవరి బల్ల మీదా లేదు. 2020లో ఆగిపోయిన ప్యాసింజరు బండ్లు మళ్లీ నడిచినప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. కనీస టికెట్ 10 రూపాయల నుంచి 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరి దాకా అది తగ్గలేదు. బండి మారి వెళ్లేవాళ్లే ఆ భారాన్ని ఎక్కువ మోశారు.

ప్రయాణికులు తమ వంతుగా చేసుకోగలిగినవి రెండున్నాయి. రిజర్వేషన్ లేకుండా వెళ్లేవాళ్లు గుంతకల్లు దాకా ఒక టికెట్, అక్కడి నుంచి ఇంకొకటి కొనవద్దు. మొదటి స్టేషన్‌లోనే గమ్యం వరకు ఒకే టికెట్ అడగండి. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే చార్జీ తగ్గుతుంది, మధ్యలో వరుసలో నిలబడే పని తప్పుతుంది. రెండు బండ్లలోనూ రిజర్వేషన్ ఉన్నవాళ్లు ఆ రెండు టికెట్ల పీఎన్ఆర్‌లను జత చేయించుకోవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి ఈ సౌకర్యం ఉంది. రెండింటిలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి డబ్బు వెనక్కి వస్తుంది. గడువులోగా అడగాలి, ఊరికే ఉంటే రాదు.

రైల్వే చేయగలిగినవి ఇంకా తేలిక. గుంటూరు - గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల రెండో లైను పనులు ముగిస్తే ఎదురు బండి కోసం ఆగే కాలం తగ్గి, వేళలు జరపడానికి చోటు దొరుకుతుంది. ఈలోగా పెద్ద బండి అవుటర్‌లో ఉందని తెలిసినప్పుడు ఆఖరి ప్యాసింజరును పది నిమిషాలు ఆపవచ్చు. కంట్రోల్ గదిలో ఆ రెండు బండ్లూ ఒకే తెర మీద కనపడుతూనే ఉంటాయి. వంతెన మొదట్లో, మెట్లు ఎక్కకముందే, డోన్ వైపు, గుత్తి వైపు, అనంతపురం వైపు, బళ్లారి వైపు, ఆదోని వైపు అని దిక్కుల వారీగా తర్వాతి బండి వేళ, ప్లాట్‌ఫాం నంబరు చూపే బోర్డు తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో పెట్టవచ్చు. ఇప్పుడు బోర్డుల మీద బండి నంబరు, అది చేరే ఆఖరి ఊరి పేరు ఉంటాయి. తుగ్గలి వెళ్లాల్సిన మనిషికి ఆ ఆఖరి ఊరు ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు.